మూడో మెట్టు మీది నీలం బకెట్

మా క్లబ్బులో ఉన్నది ఒకటే బకెట్. నీలం రంగు ప్లాస్టిక్ బకెట్, ఎప్పుడో ఈత కొలనులో కలిపే మందుతో వచ్చింది. ఇది ఆస్ట్రేలియాలో, కర్రాబిడ్జి అనే చిన్న ఊళ్ళో, పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆట క్లబ్బు. ఇక్కడ ఏ వస్తువు పాడైనా దాని మీద ఆ బకెట్ బోర్లిస్తాం. కుర్చీ కాలు విరిగితే కుర్చీ మీద, కుళాయి కారుతుంటే కుళాయి కింద. బకెట్ ఉంటే పాడైనట్టు, లేకపోతే బాగైనట్టు. ఈ నియమం ఎక్కడా రాసిపెట్టి లేదు. ఊరికి కొత్తగా వచ్చిన బ్యాంకు మేనేజరుకి కూడా వారం రోజుల్లో అర్థమైంది. ఆ తర్వాత బ్యాంకే ఎత్తేశారు, అది వేరే సంగతి.

ఒకేసారి రెండు వస్తువులు పాడైతే ఏం చేస్తారని ఆ మేనేజరు అడిగాడు. అలా ఎప్పుడూ జరగలేదని చెప్పాను. అప్పటికి అది నిజమే.

నా పేరు డెస్మండ్ ప్రూవిట్. వయసు డెబ్బై ఒకటి. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాను. క్లబ్బుకి అధ్యక్షుణ్ణి కూడా. ఎన్నిక జరిగిన సాయంత్రం నేను టాయిలెట్‌కి వెళ్ళాను, తిరిగొచ్చేసరికి నెగ్గేశాను. కార్యదర్శి నోయలీన్ బాస్కూమ్. ఆమె పోస్టాఫీసులో పనిచేసినన్నాళ్ళూ ఊళ్ళో ప్రతి మనిషి ఉత్తరాల పెట్టె నంబరూ నోటికి చెప్పేది. జంటల ఆటలో పందొమ్మిదేళ్ళుగా నా జోడీ. పచ్చిక మీద ముందు ఆమె బంతి దొర్లిస్తుంది, తర్వాత ఆమె చేసిన మంచిని నేను చెడగొడతాను. ఇది ఆమె మాటే.

క్లబ్బు గదిలోంచి పచ్చిక మీదికి దిగడానికి ఐదు చెక్కమెట్లు. మూడో మెట్టు వదులైంది. ఆ సంగతి నోయలీన్ సమావేశాల పుస్తకంలో మూడుసార్లు రాసింది. మార్చిలో, "మూడో మెట్టు వదులు. డెస్ చూస్తాడు." ఆగస్టులో, "మూడో మెట్టు ఇంకా వదులు. డెస్ త్వరలో చూస్తాడు." తర్వాతి ఫిబ్రవరిలో, "మూడో మెట్టు. ఈ శనివారంలోగా బాగుచేస్తానని డెస్ మాటిచ్చాడు." ఆ పదకొండు నెలలూ బకెట్ మూడో మెట్టు మీదే ఉంది. అందరం రెండో మెట్టు మీంచి నాలుగో మెట్టు మీదికి అడుగేసేవాళ్ళం. ఎనభై నాలుగేళ్ళ వినిఫ్రెడ్ కూడా.

ఆ శనివారం నలభై ఒక్క డిగ్రీల ఎండ. పక్కూరు విల్గా క్రీక్ వాళ్ళు మాతో ఆడటానికి వచ్చారు. మేకులు నా జేబులోనే ఉన్నాయి. ఆట అయ్యాక మెట్టు పని చూద్దాంలే అనుకున్నాను. ఇంతలో ఐసుపెట్టె మూత ఊడిపోయింది. నిజానికి బకెట్ దాని మీద బోర్లించాలి. వచ్చినవాళ్ళకి వేడి బీరు ఇస్తే ఊరి పరువేం కావాలి? నేను మూడో మెట్టు మీంచి బకెట్ తీసి, కడిగి, ఐసు నింపి, సీసాలు గుచ్చి, అతిథుల బల్ల మీద పెట్టాను. గంట సేపే కదా అనుకున్నాను.

మూడున్నరకి నోయలీన్ స్కోన్లనే మెత్తటి చిన్న రొట్టెల పళ్ళెం పట్టుకుని తలుపులోంచి బయటికొచ్చింది. నేను పచ్చిక మీద, ఎదురుగా ఉన్నాను. ఆమె పైమెట్టు దగ్గర ఆగింది. పళ్ళెం కొంచెం పక్కకి జరిపి, తల వంచి, మూడో మెట్టు వైపు చూసింది. బాగా చూసింది. అక్కడ బకెట్ లేదు. అప్పుడు దిగింది.

తుంటి ఎముక విరిగింది. అంబులెన్సు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. నేను పరుగెత్తుకెళ్ళి ఐసు తెచ్చి, తువ్వాలులో చుట్టి, ఆమె తుంటికి ఆనించి కూర్చున్నాను. ఆమె ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది. పడినప్పటి నుంచి ఒక్క మాటే అంది.

"డెస్మండ్, ఆ పళ్ళెం వినిఫ్రెడ్‌ది. జాగ్రత్తగా తిరిగిచ్చెయ్."

మరుసటి ఆదివారం ఊళ్ళో చేయి ఆడేవాళ్ళంతా సుత్తులు పట్టుకుని వచ్చారు. అందరూ కలిసి పనిచేసి మూడో మెట్టు పీకి, కొత్త చెక్క వేసి, పనిలో పనిగా మిగతా నాలుగు మెట్లూ మార్చి, పక్కన పట్టుకోవడానికి ఇనప కడ్డీ కూడా బిగించారు. పదకొండు నెలలు ఆగిన పని యాభై నిమిషాల్లో అయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, కాకపోతే కాలిన చేతులు మావి కావు. పాత చెక్కని ఆ సాయంత్రమే మంటేసి, దాని మీద సాసేజీలు కాల్చుకున్నాం. తర్వాత ఆ చెక్కని పరిశీలించడానికి ఒక ఇంజనీరు సిడ్నీ నుంచి ఆరు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. ఆయనకి టీ ఇచ్చి పంపాం.

క్లబ్బు మీద నోయలీన్ దావా వేసింది. ఊళ్ళో ఎవరూ తప్పుపట్టలేదు. ఆమె ఒంటరి మనిషి. స్నానాలగది మార్పించుకోవాలి, వాకిట్లో ఏటవాలు దారి కట్టించుకోవాలి, రోజూ ఎవరైనా వచ్చి ఒక గంట సాయం చెయ్యాలి. ఇవన్నీ కుదిరితే తన ఇంట్లో తాను ఉంటుంది. కుదరకపోతే న్యూకాసిల్‌లో ఉన్న మేనకోడలు ఆమె కోసం ఒక వృద్ధుల ఆశ్రమం చూసిపెట్టింది. అక్కడ కిటికీలోంచి చూస్తే ఇంకో ఆశ్రమం కనిపిస్తుందట. క్లబ్బుకి బీమా ఉంది. ఇవ్వాల్సింది బీమా కంపెనీ, మేం కాదు. కాబట్టి దావా వెయ్యమని ఆమెకి మొదట సలహా ఇచ్చింది మా బారు చూసే లెస్సే.

కొన్నాళ్ళకి బీమా కంపెనీ లాయరు కార్మొడి దగ్గర్నుంచి నాకు ఉత్తరం వచ్చింది. వాదితో ఈ విషయం మాట్లాడకూడదు, తప్పు ఒప్పుకోకూడదు, అడిగినదానికే జవాబు చెప్పాలి. ఉత్తరం వెనక రెండు పేజీలు కుట్టి ఉన్నాయి. పైన "తరచుగా వినిపించే న్యాయ పదాలు, వాటి అర్థాలు" అని ఉంది. అందరికీ పనికొస్తాయని మొదటి పేజీని నోటీసు బోర్డుకి, క్లబ్బు ఖర్చుల కోసం తీసే మాంసం లాటరీ కాగితం పక్కన గుచ్చాను.

శుక్రవారం సాయంత్రం లెస్ దాన్ని పైకి చదివాడు.

"జాగ్రత్త బాధ్యత. అంటే మన చోటికి వచ్చిన మనిషికి హాని కలక్కుండా చూసుకోవాల్సిన బాధ్యత."

"ఎవరొచ్చినా?" అంది వినిఫ్రెడ్.

"ఎవరొచ్చినా."

"విల్గా క్రీక్ వాళ్ళొచ్చినా?"

"వాళ్ళొచ్చినా సరే."

"చట్టం మరీ మెత్తబడిపోయిందిరా లెస్."

లెస్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "నిర్లక్ష్యం. తెలివైన మనిషి ఆ పరిస్థితిలో తీసుకునే జాగ్రత్త తీసుకోకపోవడం."

"ఆ తెలివైన మనిషి మన సభ్యుడా?"

"కాదమ్మా. ఊరికే అలా అనుకుంటారంతే. అలాంటివాడు ఎక్కడా ఉండడు."

"ఉండుంటే మెట్టు బాగుచేసేవాడు," అని వినిఫ్రెడ్ నా వైపు చూడకుండా బీరు తాగింది.

"నష్టపరిహారం. హాని జరక్క ముందు వాది ఎలా ఉందో, డబ్బుతో వీలైనంత వరకు ఆ స్థితికి తిరిగి చేర్చడం."

"అది బావుంది. నన్నూ చేర్చమను. పంతొమ్మిది వందల అరవై ఒకటికి."

తర్వాతి పదం చదివేటప్పుడు లెస్ గొంతు తగ్గింది. "తోడు నిర్లక్ష్యం. తనకి జరిగిన హానిలో వాది తప్పు కూడా కొంత ఉంటే, ఆ తప్పు ఎంత వంతు ఉందో పరిహారంలో అంత వంతు కోత."

అందరూ తలుపు వైపు, కొత్త మెట్ల వైపు చూశారు. నేను బల్ల తుడుస్తున్నాను. ఆ బల్ల అప్పటికే శుభ్రంగా ఉంది.

రెండో పేజీని బోర్డుకి గుచ్చలేదు. అందులో ఒకచోట, క్షమాపణ చెప్పడం ఈ రాష్ట్రంలో తప్పు ఒప్పుకున్నట్టు కాదని, దాన్ని కోర్టులో ఎవరూ వాడుకోలేరని రాసి ఉంది. అంటే ఎవరైనా వెళ్ళి క్షమించమని అడగొచ్చు, చట్టం అడ్డురాదు. ఆ పేజీని మడిచి, మేకులున్న జేబులోనే పెట్టుకున్నాను.

ఇక మాట్లాడకూడదన్న నియమం. కర్రాబిడ్జిలో ఉన్నది ఒక్కటే బేకరీ. నేనూ నోయలీనూ అందులో నాలుగు అడుగుల దూరంలో నిలబడి, ఇద్దరం రొట్టెలతో మాట్లాడేవాళ్ళం. ఆమె చేతిలో నడకకి ఊతగా నాలుగు కాళ్ళ స్టాండు. నేను తేలు కుట్టిన దొంగలా చిల్లర తీసుకుని బయటపడేవాణ్ణి.

నా భార్య పోయినప్పటి నుంచి రెండు వారాలకోసారి గురువారం నోయలీన్ ఇంటి ముందు గడ్డి నేనే కోస్తున్నాను. అదైనా చెయ్యొచ్చా అని కార్మొడికి ఉత్తరం రాశాను. గడ్డి కోయడం బాధ్యత ఒప్పుకోవడం కిందికి వస్తుందా రాదా అని పరిశీలిస్తున్నామని జవాబు వచ్చింది. పరిశీలన మూడు వారాలు సాగింది, ఆ లోపు గడ్డి మోకాలి ఎత్తు పెరిగింది. చివరికి, మాట్లాడకుండా కోస్తే అభ్యంతరం లేదన్నారు. నేను కోసేవాణ్ణి. ఆమె తలుపు వెనక నుంచి చూసేది. కోసి మిషను ఆపేసరికి వరండా గోడ మీద టీ, పక్కన రెండు బిస్కెట్లు ఉండేవి. తాగి కప్పు బోర్లించి వచ్చేసేవాణ్ణి. అలా నెలల తరబడి.

ఆమె పడిన పద్నాలుగో నెలలో మధ్యవర్తి ముందు కూర్చుని రాజీకి ప్రయత్నిద్దామన్నారు. డబ్బో అనే పట్నంలో, ఒక మందుల షాపు పై అంతస్తులో. నన్ను గంట ముందు రమ్మన్నాడు కార్మొడి. సన్నటి మనిషి, మర్యాద తెలిసినవాడు. నా ముందు ఒక కాగితం పెట్టాడు.

"ఇది ఆవిడ వాంగ్మూలం. మనకి చాలా అనుకూలంగా ఉంది డెస్. ఒకసారి చూడండి."

నోయలీన్ మాటలు టైపు చేసి ఉన్నాయి. "మూడో మెట్టు వదులని నాకు తెలుసు. ఆ సంగతి మూడుసార్లు నా చేత్తోనే రాశాను. ఆ రోజు స్కోన్ల ధ్యాసలో పడి మెట్టు సంగతి మర్చిపోయాను. కిందికి చూసుకోలేదు."

"చూశారా?" అన్నాడు కార్మొడి. "ప్రమాదం ఉందని తెలుసు, అయినా చూసుకోలేదు. తోడు నిర్లక్ష్యానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. సగానికి సగం కోత అడుగుతాను."

"బకెట్ గురించి ఏమీ లేదా ఇందులో?"

"ఏ బకెట్?"

"ఏం లేదు."

"అడిగినదానికే జవాబు చెప్పండి, చాలు," అన్నాడు కార్మొడి. పద్నాలుగు నెలల్లో నన్ను ఎవరూ బకెట్ గురించి అడగలేదు. మెట్టు పొడవెంత, వెడల్పెంత, చెక్క ఏ జాతిది, ఆ రోజు ఎండెంత, ఆమె చెప్పుల అడుగు రబ్బరుదా తోలుదా, అన్నీ అడిగారు.

ఆమె చూసింది. తల వంచి మరీ చూసింది. నేను నా కళ్ళతో చూశాను. ఊళ్ళోవాళ్ళ పెట్టె నంబర్లన్నీ ఇప్పటికీ గుర్తున్న మనిషి ఒక మెట్టుని మర్చిపోదు. "బకెట్ లేదు, అందుకే దిగాను" అని ఒక్క ముక్క చెబితే కోత ఉండదు. కానీ ఆ ముక్క చెప్పగానే ఎవరైనా "మరి బకెట్ ఎవరు తీశారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న రాకుండా ఉండటానికి ఆమె సగం పరిహారం వదులుకుంటోంది. సగంతో స్నానాలగది అవుతుంది, మనిషి సాయం అవదు. అంటే న్యూకాసిల్, ఆ కిటికీ.

నాకు ఒళ్ళు మండిపోయింది. మొదట ఆమె మీద. ఎవరు చెప్పమన్నారు నా కోసం అబద్ధం? తర్వాత మండాల్సిన చోట మండింది.

మధ్యవర్తి రిటైరైన మేజిస్ట్రేటు, వెండి జుట్టు ఆవిడ. బల్లకి ఒక పక్క నోయలీన్, ఆమె లాయరు మిస్ వెల్లా. ఇంకో పక్క కార్మొడి, నేను. నోయలీన్ నావీ బ్లూ గౌను వేసుకొచ్చింది, క్లబ్బు ఫైనల్స్‌కి వేసుకునేది. ఆమె స్టాండు గోడకి ఆనించి ఉంది.

"మొదటే చెబుతున్నాను," అంది మధ్యవర్తి. "ఈ గదిలో అనుకున్నదేదీ బయటికి పోదు. రాజీ కుదరకపోతే ఇక్కడి మాటల్ని కోర్టులో ఎవరూ ఎవరి మీదా వాడకూడదు. అందుకని మనసులో ఉన్నది ధైర్యంగా మాట్లాడుకోండి."

కార్మొడి ధైర్యంగా మాట్లాడాడు. వాంగ్మూలం చదివాడు. సగం అన్నాడు. మిస్ వెల్లా ముప్ఫై శాతానికి మించి ఒప్పుకోనంది. కానీ ఆమె గొంతులో బలం లేదు, చేతిలో ఏమీ లేనివాళ్ళ గొంతులా ఉంది. మధ్యవర్తి నోయలీన్ వైపు తిరిగింది.

"మీరేమైనా చెబుతారా, మిసెస్ బాస్కూమ్?"

"చెప్పేదేముందండీ. చూసుకోలేదు. నాదే పొరపాటు," అంది నోయలీన్, బల్ల మీది నీళ్ళ జగ్గుతో.

నేను లేచి నిలబడ్డాను. "ఆవిడ చూసింది."

"డెస్," అన్నాడు కార్మొడి.

"ఆవిడ చూసింది. అక్కడ బకెట్ లేదు. బకెట్ తీసింది నేను."

ఏ బకెట్ అని మధ్యవర్తి అడిగింది. చెప్పాను. బకెట్ బోర్లిస్తే అర్థమేమిటో, తీస్తే అర్థమేమిటో, ఐసుపెట్టె మూత, విల్గా క్రీక్, జేబులో మేకులు, అన్నీ. చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది. పద్నాలుగు నెలలుగా అది నాలుగు నిమిషాల పని అని నాకు తెలియదు.

మిస్ వెల్లా పెన్ను పట్టుకుని రాయాలో వద్దో తెలియక ఆగిపోయింది. కార్మొడి నెమ్మదిగా నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"కూర్చోండి. ఏం పరవాలేదు. ఈ గదిలో అన్నమాట ఇక్కడితో సరి. కోర్టుకి సంబంధించినంత వరకు మీరు ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదా?"

"ఏమీ అనలేదు."

"అయితే గది బయటికి పోయి అంటాను."

"డెస్, ఆగండి. బీమా ఒప్పందం ప్రకారం మా అనుమతి లేకుండా మీరు తప్పు ఒప్పుకుంటే క్లబ్బుకి రక్షణ పోవచ్చు. కంపెనీ పైసా ఇవ్వనంటే క్లబ్బు గతేంటి? ఆలోచించారా?"

ఆలోచించాను. ఆ పచ్చికకి ముప్ఫై ఏళ్ళుగా నీళ్ళు పెడుతున్నది నేనే. కానీ నిండా మునిగినవాడికి చలేమిటి? తలుపు తీసుకుని మెట్లు దిగాను. అక్కడి మెట్లన్నీ గట్టిగానే ఉన్నాయి. మందుల షాపు ముందు కాలిబాట మీద నిలబడ్డాను. వెనకే మిస్ వెల్లా నోటు పుస్తకంతో, ఆమె వెనక కార్మొడి రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని వచ్చారు. ఒకాయన బెంచీ మీద కూర్చుని మాంసం కూరిన రొట్టె తింటున్నాడు.

"నా పేరు డెస్మండ్ ఆర్థర్ ప్రూవిట్," అన్నాను గట్టిగా. "కర్రాబిడ్జి బౌల్స్ క్లబ్బు అధ్యక్షుణ్ణి. మూడో మెట్టు మీంచి బకెట్ తీసింది నేనే. నోయలీన్ బాస్కూమ్ దిగేముందు కిందికి చూసింది. నేను కళ్ళారా చూశాను."

"మంచిది," అన్నాడు రొట్టె తింటున్నాయన.

మిస్ వెల్లా రాసింది. ఆగి ఉన్న ఒక ట్రక్కు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాను. రొట్టె తింటున్నాయనే సాక్షి సంతకం చేశాడు, వేళ్ళు తుడుచుకుని.

సాయంత్రం నాలుగుకి రాజీ కుదిరింది. కోత లేదు. కార్మొడి గంటసేపు ఫోన్లో కంపెనీ వాళ్ళతో మాట్లాడి, ఇంత దాకా వచ్చాక కోర్టులో పోట్లాడటం కంటే ఇచ్చేయడమే చవకని వాళ్ళకి నచ్చజెప్పాడు. వెళ్ళేటప్పుడు నాతో చెయ్యి కలిపాడు. మరుసటి ఏడాది మా క్లబ్బుకి బీమా చెయ్యలేమని ఆ కంపెనీ ఉత్తరం రాసింది. ఇంకో కంపెనీ దొరికింది, అది ఎక్కువ అడిగింది. మాంసం లాటరీ ఇప్పుడు వారానికి రెండుసార్లు తీస్తున్నాం. ఊరంతా గొర్రె మాంసం తినీ తినీ విసిగిపోయింది.

ఆ రోజు నోయలీన్‌ని ఇంటికి నేనే తీసుకెళ్ళాను. కేసు అయిపోయింది కదా, మాట్లాడొచ్చు. అయినా గోధుమ చేల మధ్య ఇరవై మైళ్ళు ఇద్దరం నోరు విప్పలేదు. అలవాటు తప్పిపోయింది.

"నువ్వు చూడలేదని ఎందుకు చెప్పావు?" అన్నాను చివరికి.

"చూశానంటే నీ పేరు వచ్చేది."

"బకెట్ నేనే తీశానని నీకెలా తెలుసు?"

నోయలీన్ నా వైపు తిరిగింది. పోస్టాఫీసులో, చిరునామా లేకుండా ఉత్తరం తెచ్చినవాణ్ణి అలాగే చూసేది.

"నా తుంటికి పెట్టిన ఐసు ఎందులోంచి తెచ్చావయ్యా?"

నేను దారి వైపు చూస్తూ కారు నడిపాను.

"కింద పడి ఉన్నాను కదా, అతిథుల బల్ల ఎదురుగానే కనిపిస్తోంది. నువ్వు పరుగెత్తావు, నీలం బకెట్‌లో చెయ్యి పెట్టావు, ఐసు తీశావు, పరుగెత్తుకొచ్చావు. ఏడుస్తున్నావు కూడా. ఇక లెస్, వినిఫ్రెడ్, విల్గా క్రీక్ వాళ్ళు, ఇరవై మంది ఆ బకెట్‌లోంచి బీరు తీసుకుని తాగారు. ఒక్కళ్ళకీ తెలియదనుకున్నావా?"

"ఎవరూ ఏమీ అనలేదు మరి."

"నువ్వు అంటావని చూశారు."

"నువ్వూ అంతేనా?"

"నేను కార్యదర్శిని డెస్మండ్. సభలో మనిషి నోరు తెరిచి చెప్పిందే రాస్తాను. చెప్పనిది రాయడం నా పని కాదు."

"నేను చెప్పకపోతే న్యూకాసిల్ పోయేదానివి."

"పోయేదాన్నే," అంది ఆమె. "గడ్డి మాత్రం బాగా కోస్తావు."

నాకు కళ్ళు మసకబారి, కారు కొంచెం పక్కకి పోయింది. దారి మీద చూపు పెట్టమని ఆమె కసిరింది.

తర్వాతి బుధవారం క్లబ్బు సమావేశం. నోయలీన్ స్టాండు పట్టుకుని వచ్చి తన కుర్చీలో కూర్చుని, పుస్తకం తెరిచి, కళ్ళజోడు పెట్టుకుంది. లెస్, వినిఫ్రెడ్, ఇంకో తొమ్మిది మంది ఉన్నారు. మొదటి అంశం పచ్చికకి ఎరువు. అది అయిపోయింది.

"ఇంకేమైనా ఉందా అధ్యక్షా?" అంది నోయలీన్, పెన్ను కాగితం మీద పెట్టి.

నా జేబులో ఆ రెండో పేజీ ఇంకా ఉంది, మడతల దగ్గర చిరిగిపోయి. దాన్ని తియ్యలేదు. లేచి నిలబడి, ఆ రోజు బకెట్ నేనే తీశానని, పదకొండు నెలలు మెట్టు బాగుచెయ్యనిది కూడా నేనేనని చెప్పాను. నోయలీన్ రాసుకుంది.

"ఇంకా?"

"నన్ను క్షమించు నోయలీన్."

ఆమె తల ఎత్తలేదు. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఎరువు అంశమంతా రాసినంత సేపు పట్టింది. రాసి, సిరా ఆరేదాకా ఊది, పేజీ తిప్పింది.

"రాశాను," అంది. "తర్వాతి అంశం. క్లబ్బుకి రెండో బకెట్ కొనాలని నేను ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవాళ్ళెవరు?"

పన్నెండు చేతులు లేచాయి. నా చెయ్యి అన్నిటికంటే ముందు లేచింది.